మేడ మీద గదిలో ప్రభువుతో
2020 ఆగస్టు. కరోనా పాజిటివ్ అని తేలాక శ్రీకాకుళంలో మా మేడ మీద గదే నా లోకం. అమ్మ గుమ్మంలో చారన్నం పెట్టి, "తినీసి మాత్రేసుకోరా" అని అరిచి దిగిపోయేది. వాసన తెలీదు, రుచీ తెలీదు. పాపం ఆవిడ పోపు వృథా!

ఆదివారం ఆరాధన ఫోన్లోనే. సిగ్నల్ పోయి పాట ఆగిపోతే మిగతా చరణం దగ్గుతూ నేనే పాడుకునేవాణ్ణి.

బైబిల్లో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, నాలుగే అధ్యాయాలు. అపొస్తలుడైన పౌలు దాన్ని బంధకాల్లో, అంటే ఖైదులో ఉండి రాశాడని సండే స్కూల్ నుంచీ వింటున్నదే. కానీ గడప దాటలేని గదిలో కూర్చుని చదువుతుంటే, ఆనందించమని మళ్లీ మళ్లీ చెప్పే ఆ మనిషి పక్క మంచం మీదే ఉన్నట్టనిపించింది. ప్రార్థనలో "అదివ్వు, ఇదివ్వు" తగ్గింది. ఊరికే ప్రభువు సన్నిధిలో కూర్చోవడం అలవాటైంది.

ఇప్పుడు మందిరానికి వెళ్తున్నా, పొద్దుటి ఆ అరగంట మాత్రం ఎవరికీ ఇవ్వట్లేదు.