సీఎంఎం పరీక్ష పాసయ్యాను, పార్ట్ అలైన్‌మెంట్ గురించి నాలుగు మాటలు

నిన్ననే సీఎంఎం (ప్రోబ్‌తో తాకి పార్ట్ కొలతలు తీసే కోఆర్డినేట్ మెజరింగ్ మెషిన్) పరీక్ష రిజల్ట్ వచ్చింది, థియరీ, ప్రాక్టికల్ రెండూ పాస్, ఇప్పటికి గుండె కుదుటపడింది. నల్గొండలో డిప్లొమా చేసి, షాద్‌నగర్ వైపు షిఫ్ట్ డ్యూటీలు చేసుకుంటూ చదివాను. ప్రోబ్ క్వాలిఫికేషన్ (కొలిచే ముందు ప్రోబ్ మొనను సరిచూసుకోవడం), కొలతలకు ప్రామాణికమైన 20 డిగ్రీల టెంపరేచర్ లాంటివి చదివితే వచ్చేస్తాయి. మార్కులు పోయేది అలైన్‌మెంట్ దగ్గరే, అంటే పార్ట్ ఎక్కడ, ఎటు తిరిగి ఉందో మెషిన్‌కి చెప్పే దగ్గర.

3-2-1 అని, అంటే మొదటి ఫేస్‌కి మూడు పాయింట్లు, రెండోదానికి రెండు, మూడోదానికి ఒకటి అని, అందరం బట్టీ పడతాం. నాకది ఒంటబట్టింది మాత్రం మెట్రాలజీ ల్యాబ్‌లో, మెషిన్ మీద కాదు, సర్ఫేస్ ప్లేట్ (కచ్చితంగా చదునైన బల్ల) మీద. మిల్లింగ్ చేసిన బ్లాక్ ఒకటి ప్లేట్‌కి ఆనించి చేత్తో కదిపి చూశాను. కిందికి పోదు, ఎటూ ఒరగదు, కానీ పక్కలకు జరుగుతుంది, గుండ్రంగా తిరుగుతుంది. పక్కన నిలువుగా ఉండే యాంగిల్ ప్లేట్‌కి ఆనిస్తే తిరగడం ఆగింది, ఆ దిక్కుకు జరగడమూ ఆగింది. మిగిలిన ఒక్క దిక్కుకు స్టాపర్ పెడితే సరి, ఆరు కదలికలూ కట్టయ్యాయి. ఆ రోజు నుంచి సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కినా, ఇప్పుడు ఏ కదలిక ఆగింది అనే చూసేవాణ్ణి.

ప్రాక్టికల్‌లో అదే కాపాడింది. డ్రాయింగ్‌లో డేటమ్‌లు (కొలతలకు ఆధారమయ్యే ఫీచర్లు) మూడు: ‘ఏ’ అడుగు ఫేస్, ‘బీ’, ‘సీ’ రెండు బోర్లు, అంటే గుండ్రటి రంధ్రాలు. పక్కన అంచు నున్నగా కనిపిస్తుంది, చెయ్యి అటే పోతుంది. కానీ పార్ట్ అసెంబ్లీలో కూర్చునేది ఆ బోర్ల మీద, అంచు మీద కాదు. అందుకే ‘ఏ’ ప్లేన్‌తో లెవెల్ చేసి, బీ సెంటర్‌ని ఆరిజిన్ (సున్నా పాయింట్) చేసి, బీ నుంచి సీకి గీసిన లైన్‌తో రొటేషన్ ఇచ్చాను. అంచుతో రొటేషన్ ఇస్తే, అది 0.1 డిగ్రీ వంకర ఉన్నా 200 మి.మీ. దూరంలోని హోల్ దాదాపు 0.35 మి.మీ. పక్కకు చూపిస్తుంది, బాగున్న పార్ట్ రిజెక్టయిపోతుంది.

వైవాలో, మూడు పాయింట్లు చాలు కదా, ప్లేన్‌కి ఎక్కువ ఎందుకు తీశావని అడిగారు. మూడే తీస్తే ఫ్లాట్‌నెస్ (చదునులో తేడా) ఎప్పుడూ సున్నానే వస్తుంది, ఫేస్ ఎంత వంకరున్నా తెలియదు అని చెప్పాను.

కోచింగ్‌కి హైదరాబాద్ వెళ్లలేదేమని చాలామంది అన్నారు. జీతం వదులుకునే పరిస్థితి నాది కాదు, రోజూ డ్యూటీ దిగాక ఒక డ్రాయింగ్ ముందేసుకుని డేటమ్ వరస రాసుకునేవాణ్ణి, నిద్ర వస్తున్నా మానలేదు. పాలమూరు, మిర్యాలగూడ వైపు మెషిన్ దొరకనివాళ్లు కూడా ఇది చెయ్యొచ్చు. మెషిన్ దొరికిన రోజు మాత్రం మాన్యువల్ అలైన్‌మెంట్‌తో ఆపకండి, అవే ఫీచర్లను సీఎన్‌సీ మోడ్‌లో (మెషిన్ తనంతట తానే కదిలి కొలిచేలా) మళ్లీ కొలవండి, తర్వాత ప్రోబ్‌ని ఆరిజిన్ మీదికి తీసుకెళ్లి ఎక్స్, వై సున్నా దగ్గర ఉన్నాయో లేదో చూడండి.