ట్రేడ్ టెస్టులో నన్ను ముంచిన పావు తిప్పు

నిన్న రిజల్ట్స్ వచ్చాయి. ప్లంబర్ ట్రేడ్ టెస్ట్ రెండోసారికి పాసయ్యాను. థియరీకి పాత పేపర్లు చాలు, దాని గురించి రాయను. ప్రాక్టికల్లో మార్కులు పోయేది జాయింట్ దగ్గరే.

మొదటిసారి అరంగుళం జీఐ (జింకు పూత వేసిన ఇనుప పైపు) లైన్ ఇచ్చారు. మరలు బాగా వచ్చాయి. టెఫ్లాన్ టేపు చుట్టి ఎల్బో (పైపును మలుపు తిప్పే ముక్క) బిగించాను. తీరా చూస్తే దాని మూతి డ్రాయింగ్‌లో ఉన్న వైపు దాటిపోయింది. పావు తిప్పు వెనక్కి తిప్పి సరిచేశాను. చూడ్డానికి చక్కగా ఉంది. ప్రెషర్ పెట్టగానే ఎల్బో అంచున తడి మెరిసింది, చుక్క కట్టింది, జారింది. గేజు ముల్లు మెల్లగా దిగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

టేపు నాసిరకమని చాలా రోజులు అనుకున్నాను. తప్పు నా ఎంపికది. ఈ పైపుకు కోసేది టేపర్ మర, అంటే కొసకు పోయేకొద్దీ పొడవు 16 పాళ్లకు వ్యాసం 1 పాలు చొప్పున సన్నబడుతుంది. ఎంత బిగించినా మరల మధ్య సన్న సందు మిగులుతుంది, దాన్ని నింపడమే సీలెంట్ పని. టేపు ఆ సందులోకి నలిగి కూరుకుంటుంది. వెనక్కి తిప్పామా, వదులైన పొర మళ్లీ సందు మూయదు. దిశ సర్దాల్సి వచ్చే చోట నార, జాయింటింగ్ పేస్టు వాడండి. నార తడికి ఉబ్బుతుంది, కాస్త వెనక్కి తిప్పినా పట్టు వదలదు. నున్నటి మర మీద జారిపోతుంది కాబట్టి ముందు హాక్సా బ్లేడుతో మరలను కొద్దిగా గరుకు చేయాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. టేపు బిగించే దిశలోనే చుట్టాలి, మొదటి మర వదిలేయాలి. ప్లాస్టిక్ సాకెట్‌లోకి వెళ్లే మరకు మరీ మందంగా చుడితే సాకెట్ పగులుతుంది. అనేరోబిక్ సీలెంట్ గాలి అందని చోట, లోహం తగిలితేనే గట్టిపడుతుంది, ప్లాస్టిక్‌కి వద్దు. పారలల్ మరకు, అంటే సన్నబడకుండా ఒకే వ్యాసంతో ఉండే మరకు, సీలు వాషర్‌తోనే, టేపుతో కాదు.

పని చేసుకుంటూనే ప్రిపేరయ్యాను. ఎంత అలసిపోయినా రోజూ రాత్రి కొన్ని జాయింట్లు బిగించి, విప్పి, మరలు తుడిచి మళ్లీ బిగించేవాణ్ని. టైమ్ లేదనేవాళ్లు ఆ ఒక్క గంట తీసి చూడండి, చేతికి అలవాటైతే టెన్షన్ దానంతటదే తగ్గుతుంది.

రెండోసారీ ఎల్బోనే వచ్చింది. టేపు పక్కన పెట్టి నార తీసుకుంటే, ఎందుకని ఎగ్జామినర్ అడిగారు. పైన రాసిందే చెప్పాను. ప్రెషర్ పెట్టాక జాయింట్ చుట్టూ టిష్యూ కాగితం తిప్పి ఆయన చేతికిచ్చాను. పొడిగా ఉంది.