చ్యుంగ్ చౌలో బన్నుల పండుగ

డిస్నీలాండ్ ఎప్పుడైనా చూడవచ్చునని నచ్చజెప్పి, హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు బుద్ధ జయంతి నాటి ఉదయం మమ్మల్ని సెంట్రల్ రేవులో ఫెర్రీ ఎక్కించాడు. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. కార్లు తిరగని చ్యుంగ్ చౌ దీవిలో అడుగుపెట్టగానే సన్నని వీధులు, సైకిళ్ళు, ఎండుచేపల వాసన ఎదురయ్యాయి. చైనా పంచాంగం ప్రకారం నాలుగవ నెల ఎనిమిదవ రోజు కేంద్రంగా జరిగే ఈ పండుగ వేళ దీవి శాకాహారానికి మారడం ఆచారం. ఈమధ్య కొన్ని హోటళ్ళు చేపలు వండుతున్నప్పటికీ, అక్కడి మెక్‌డొనాల్డ్స్‌లో సైతం పుట్టగొడుగుల బర్గర్ అమ్ముతున్నారు. హాంకాంగ్‌లో దిగింది మొదలు పెరుగన్నంతో సరిపెట్టుకుంటున్న నాకు ఇదొక వరమే.

చైనాను ఏలిన చింగ్ రాజవంశపు చివరి కాలంలో ప్లేగు ప్రబలినప్పుడు జాలరులు పాక్ తాయ్ దేవుని విగ్రహాన్ని వీధుల్లో ఊరేగించగా వ్యాధి తొలగిపోయిందని దీవివాసులు చెప్పుకుంటారు. 1783లో కట్టిన ఆ దేవుని గుడి ముందే ఉత్సవమంతా సాగుతుంది. 2011లో చైనా దీనిని జాతీయ అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

మధ్యాహ్నం డప్పులు, తాళాల మోతతో ఊరేగింపు వచ్చింది. జనం తలలకు పైన, గాలిలో నిలబడినట్లుగా, పట్టుబట్టలు కట్టిన చిన్నపిల్లలు ఒకరి వెనుక ఒకరు కదిలి వస్తున్నారు. పురాణ పాత్రల వేషాలతోపాటు వార్తల్లో నలిగే రాజకీయ నాయకుల వేషాలూ ఉన్నాయి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవాన్ని ఏటా చూసే మా అమ్మాయి, “సిరిమాను మీద పూజారిగారు కూర్చుంటారు కదమ్మా, ఈ పాప కత్తిమొన మీద ఎలా నిలబడింది?” అని అడిగి, జవాబు దొరికేదాకా నా చెయ్యి వదలలేదు. మా అదృష్టం కొద్దీ ఊరేగింపు కాసేపు మా ముందే ఆగింది. కత్తి ఆకారంలో మలిచిన ఇనుప కడ్డీ ఆ పాప పొడవాటి అంగీలోకి దూరి ఉంది. లోపల దానికి బిగించిన చిన్న ఆసనం మీద పాప నిజానికి కూర్చునే ఉంటుందని తమ్ముడు వివరించాడు. చెమటకు బుగ్గల మీది రంగు కరుగుతున్నా పాప చేయి ఊపడం మానలేదు. పక్కన గొడుగు పట్టి నడుస్తున్న ఆమె తల్లి నీళ్ళసీసాలో గొట్టం వేసి పైకి అందించింది. రహస్యం తెలిశాక మా అమ్మాయి ఆశ్చర్యం తగ్గకపోగా, తానూ ఎక్కుతానని మామయ్యను పట్టుకుంది.

పర్యాటకులు ఎక్కువగా వచ్చేది అర్ధరాత్రి బన్నుల పోటీ కోసం. నా మటుకు పిల్లల ఊరేగింపే ఈ పండుగకు ప్రాణం. 1978లో బన్నులు పేర్చిన గోపురం కూలి జనం గాయపడిన తరువాత నిలిచిపోయిన పోటీ, ఉక్కు చట్రంతో, తాళ్ళ రక్షణతో 2005లో మళ్ళీ మొదలైంది. సుమారు 14 మీటర్ల గోపురం ఎక్కి మూడు నిమిషాల్లో వీలైనన్ని బన్నులు సంచిలో వేసుకోవాలి. పైవరుస బన్నుకు 9 మార్కులు, నడిమి దానికి 3, అడుగుదానికి 1. మాకు లోపలికి టికెట్లు దొరకలేదు కనుక అద్దెగదిలోని టీవీలోనే చూశాము.

ఆ బన్నులు ప్లాస్టిక్‌వని తెలిసి అమ్మాయి చిన్నబుచ్చుకుంది. “తినడానికి రానివాటి కోసం అంత పైకి ఎక్కడం దేనికి?” అని మామయ్యను నిలదీసింది. మా మరదలు సాయంత్రం బేకరీలో కొన్న అసలు బన్నును, క్షేమాన్ని కోరే ఎర్రని అక్షరాలు అచ్చువేసినదాన్ని, దాని చేతిలో పెట్టింది. లోపలి తామరగింజల తీపిముద్దను వేలితో తవ్వుకు తిని, తెల్లని పైపొరను వాళ్ళ నాన్నకు వదిలేసింది.