ఫ్రిజ్జా, పిట్టా?

లీటరు పాలు విరిగిపోయాయి. మధ్యాహ్నమంతా టింగ్ టింగ్ అంటూనే ఉంది. పంజరంలో పచ్చపిట్టే ఫ్రిజ్ అలారంలా కూస్తోందిలే అని లేవలేదు. నాలుగింటికి టీ పెడదామని వెళ్తే ఫ్రిజ్ తలుపు బెత్తెడు తెరిచి ఉంది.

పోయిన వారమంతా దీనికి తలకిందులు. ఫ్రిజ్జే అనుకుని పరిగెత్తడం, తలుపు వేసే ఉండటం, ఇవతల పంజరంలో అది ఏమీ ఎరగనట్టు ఈకలు సర్దుకోవడం. "దానికున్న శ్రద్ధ కూడా నీకు లేదు" అని ఈయన. పెరుగు గిన్నె తీసి తలుపు వదిలేసిందెవరో నాకు తెలీదనుకుంటారు! పైగా లవ్ బర్డ్స్ అని కొనుక్కొచ్చిందీ ఆయనే. అవి లవ్ బర్డ్సూ కాదు, బడ్జెరిగార్లనే బుల్లి చిలుకలు.

అమ్మమ్మగారింట్లో రామచిలుక ఉండేది. పెంచకూడదని అప్పట్లో ఎవరికీ పట్టలేదు. "ఏమేవ్, మంచినీళ్ళు" అని అచ్చం తాతయ్య గొంతుతో పిలిచేది. అమ్మమ్మ పెరట్లోంచి చెంబుతో వచ్చి, ఖాళీ పడక్కుర్చీ చూసి, ఆ నీళ్ళు తులసికోటలో పోసి వెళ్ళేది. తర్వాత ఆవిడకి చెవుడు వచ్చింది. పిలుపు వినబడటం మానేసింది కానీ ఆవిడ గొంతు మాత్రం వీధి చివరిదాకా వెళ్ళేది. రహస్యం చెప్పినా అరుపే. కొన్నాళ్ళకి చిలుకా అలాగే అరవడం మొదలుపెట్టింది.

ఇందాక చదివాను. చెవులు పోతే బడ్జెరిగార్ల కూతలూ చెడిపోతాయట. తన గొంతు తను వింటూ సరిచేసుకోవాలి కదా మరి. న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్ళు 2025లో వీటి మెదడులో చూస్తే, గొంతును నడిపే చోట కణాలు హార్మోనియం మెట్లలా ఉన్నాయట. అచ్చుల్లా సాగే వాటికి కొన్ని, హల్లుల్లాంటి గరగరలకు కొన్ని. మనిషి మాట్లాడేటప్పుడు మెదడు పనిచేసేదీ దాదాపు ఇలాగేనట. జీబ్రా ఫించ్ అనే చిన్న పాటల పిట్టలో మాత్రం ఇలా కనబడలేదట.

అంటే మా పచ్చది వెక్కిరించడం లేదు. విన్నదానికి మెట్లు వెతుక్కుంటోంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఈ ఇంట్లో దానికి వినబడేదేముంది, నేను ఫోన్‌లో తల దూర్చి కూర్చుంటే? జతకట్టిన మగపిట్ట ఆడపిట్ట పిలుపు నేర్చుకుంటుందట కూడా. ఈయనకి చదివి వినిపిస్తే "ఊఁ" అన్నారు.

అసలు పంజరాన్ని వరండాలోకి మార్చేస్తానని రాద్దామనే కూర్చున్నాను. కానీ అక్కడ పెడితే ఎదురింటివాళ్ళ కారు రివర్స్ పాట పట్టేస్తుంది. వద్దులే, వంటింటి పక్కనే ఉండనీ.