నల్లబడ్డ వెండి పట్టీలు, ఫాయిల్ ముక్క, ఏడో తరగతి సైన్సు

"భౌతిక మార్పుని వెనక్కి తిప్పొచ్చు, రసాయన మార్పుని తిప్పలేం". మా అక్క కూతురు మొన్న పరీక్షకి ఇదే బట్టీ పడుతోంది. నాకైతే ఈ లైను వింటేనే ఒళ్ళు మంట. కాగితం చింపి మళ్ళీ ముందులా చేయమనండి చూద్దాం, అవుతుందా? అయినా అది భౌతిక మార్పే, ఎందుకంటే చినిగిన ముక్క కూడా కాగితమే. అసలు చూడాల్సింది కొత్త పదార్థం పుట్టిందా లేదా అని, అంతే.

సరే, చెప్పే బదులు చూపిద్దామని దాని వెండి పట్టీలు తెమ్మన్నా. బాగా నల్లబడిపోయి ఉన్నాయి. "తుప్పా పిన్నీ ఇది?" అంది. తుప్పు ఇనుముకే పడుతుందమ్మా, దీన్ని పట్టుకున్నది సల్ఫర్. గాలిలో, చెమటలో ఉండే సల్ఫర్ సమ్మేళనాలతో వెండి కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది, ఆ నలుపు అదే. కొత్త పదార్థం పుట్టింది కాబట్టి పక్కా రసాయన మార్పు.

గిన్నెలో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ పరిచి, పట్టీలు దానికి ఆనేలా పెట్టి, వంటసోడా కాస్త ఉప్పు చల్లి, బాగా మరిగిన నీళ్ళు పోశా (నురగ పొంగుతుంది, ఈ పని పిల్లల చేత చేయించకండి). కాసేపటికి కుళ్ళిన గుడ్డు వాసన లైట్‌గా వచ్చింది, పట్టీలు తెల్లబడటం మొదలైంది. వెండి కంటే అల్యూమినియం చాలా చురుకైన లోహం, అది తన ఎలక్ట్రాన్లని వదిలేస్తే సల్ఫర్‌తో కలిసిపోయిన వెండి వాటిని తీసుకుని మళ్ళీ మామూలు వెండి అయిపోతుంది, సల్ఫర్ విడిపోతుంది. అందుకే పట్టీలు ఫాయిల్‌కి తగలాలి, లేకపోతే పని జరగదు. ఇందులో సోడాకీ ఒక పని ఉంది, అల్యూమినియం మీద ఎప్పుడూ ఒక సన్నని ఆక్సైడ్ పొర ఉంటుంది కదా, దాన్ని అది కరిగిస్తుంది.

అంటే రసాయన మార్పు వెనక్కి తిరిగింది! కాకపోతే ఇంకో రసాయన మార్పు చేస్తేనే తిరిగింది. టూత్‌పేస్ట్‌తో రుద్దినా తెల్లబడతాయి గానీ ఆ నలుపులో ఉన్న వెండి కూడా దాంతో పాటే కొట్టుకుపోతుంది.

"మరి అమ్మమ్మ చింతపండుతో రాగి చెంబు తోమితే?" అంది, మంచి ప్రశ్నే. అక్కడ చింతపండులోని టార్టారిక్ ఆమ్లం నల్లటి కాపర్ ఆక్సైడ్‌ని కరిగించేస్తుంది, కింద ఉన్న రాగి మెరుస్తూ బయటికొస్తుంది, ఆ లోహం జోలికి మాత్రం ఆమ్లం పెద్దగా పోదు. కానీ కరిగిన రాగి నీళ్ళలో పోయినట్టే, చెంబుకి తిరిగి రాదు.

ఇనుము సంగతి ఇంకా బావుంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి రైల్లో విశాఖ స్టీల్ ప్లాంట్‌కి వచ్చే ఎర్ర రాయి హెమటైట్, అంటే ఐరన్ ఆక్సైడ్, తుప్పుకి దగ్గరి చుట్టం. బ్లాస్ట్ ఫర్నేస్‌లో (ఇనుము తీసే పెద్ద కొలిమి) కోక్, అంటే బొగ్గుని కాల్చి చేసిన ఇంధనం, మండి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ దాంట్లోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటే ఇనుము మిగులుతుంది. "తిప్పలేం" అన్నది నిజమైతే అంత పెద్ద ఫ్యాక్టరీ దేనికి చెప్పండి.

ఇంట్లో చేసేవాళ్ళకి ఒక్క మాట, రాళ్ళు పొదిగినవి, ముత్యాలున్నవి, బంగారు పూత వేసినవి ఈ ఫాయిల్, సోడా నీళ్ళలో వేయకండి, పాడైపోతాయి.