నెదరేవన్‌లో ఒక పూట

ఇంగ్లండ్‌లో ఫ్లై ఫిషింగ్, అంటే పురుగుల్లా కట్టిన కృత్రిమ ఎరలతో చేపలు పట్టడం మీద ప్రేమ ఉన్నవాళ్లకు నెదరేవన్ అనే చిన్న ఊరు ఒక యాత్రాస్థలం. సాలిస్‌బరీ మైదానంలో, ఏవన్ నది పక్కన ఉన్న ఆ ఊరికి మే నెలాఖరులో మా పెద్దాయన కుటుంబంతో కలిసి వెళ్లాను. నేను ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు సాలిస్‌బరీలో తమ ఇంటి మేడమీద గది అద్దెకిచ్చి, ఆ తరువాత నన్ను ఇంటి మనిషిలాగే చూసుకున్న ఆ పెద్దాయన కిందటి చలికాలంలో పోయారు. ఎండలు వచ్చాక, ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన చోట అందరం ఒక పూట గడపాలని ఆయన భార్య సంకల్పించి, నన్నూ రమ్మని కబురు చేశారు.

సాలిస్‌బరీ నుంచి ఏమ్స్‌బరీ మీదుగా వెళితే దారి పొడుగునా నది దాదాపు పక్కనే ఉంటుంది. స్టోన్‌హెంజ్ అక్కడికి దగ్గరే అయినా ఆ రోజు అటు వెళ్లాలని ఎవరికీ అనిపించలేదు. అక్కడి నేలంతా సుద్దరాయి. పడిన వాన ఆ రాతి పొరల్లోకి ఇంకి, నెలల తరబడి వడకట్టుకుని, చల్లగా, అద్దంలా ఊటలుగా పైకి వస్తుంది. ఇలాంటి సుద్దనేల నదులు ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలే ఉన్నాయి. వాటిలో అత్యధికం ఇంగ్లండ్‌లోనే ఉన్నాయి. గోదావరి ఎర్రనీళ్లు చూస్తూ పెరిగిన నాకు, నడుములోతు నీటి అడుగున గులకరాళ్లు, వాటి మీద ఎదురీదుతూ నిలబడిన ట్రౌట్ చేప నీడ కూడా విడిగా కనిపించడం ఇప్పటికీ అబ్బురమే.

పెద్దాయన ఈ ఊరిని ఇంతగా ప్రేమించడానికి కారణం ఫ్రాంక్ సాయర్. 1906లో పుట్టిన సాయర్ ఈ ఏవన్ నదికే కాపరిగా పనిచేసి, 1980లో ఈ నది ఒడ్డునే కన్నుమూశాడు. సైనికాధికారుల చేపల క్లబ్బు కోసం మైళ్ల పొడవున నదిని చూసుకుంటూ, కలుపు కోస్తూ, నీటి పురుగుల బతుకును గంటల తరబడి గమనించేవాడు. ఆ గమనింపులోంచే ఫెజెంట్ టెయిల్ నింఫ్ పుట్టింది. ఫెజెంట్ పక్షి తోక ఈకతో, నీటి పురుగుపిల్లలా (నింఫ్) కట్టే ఎర అది. నీటి అడుగున ఈదే పురుగుపిల్ల కాళ్లను ఒంటికి ముడుచుకుంటుందని చూసి, తన కృత్రిమ పురుగుకు కాళ్లే పెట్టలేదు. దారం బదులు సన్నని రాగితీగ వాడాడు కనుక, కట్టేదీ అదే, పురుగును నీటిలో ముంచే బరువూ అదే. ఇంత పొదుపైన ఆలోచన ఏ చేతిపనిలోనైనా అరుదనేది పెద్దాయన మాట. నాకూ అలాగే అనిపిస్తుంది.

పెద్దాయనకు తుపాకివేట, చేపలవేట రెండు వేరు వ్యాపకాలు కావు. ఈ దేశంలో ఫెజెంట్ పక్షుల వేట అక్టోబరు 1న మొదలై ఫిబ్రవరి 1తో ముగుస్తుంది. ఆ నెలల్లో ఆయన నల్ల లాబ్రడార్‌ను వెంటబెట్టుకుని, పొదలు తట్టి పక్షులను లేపేవాళ్లతోనో, తుపాకులవాళ్లతోనో పొలాల్లో తిరిగేవారు. తెచ్చిన పక్షులను కొన్ని రోజులు చల్లని గ్యారేజీలో వేలాడదీసి, తరువాతే ఈకలు పీకేవారు. వేట మీద నాకున్న సంకోచం పూర్తిగా పోలేదు గానీ, కొట్టిన పక్షిని ఒక్కదాన్నీ పారేయకుండా ఇరుగుపొరుగుకు పంచి, ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన ఆ మనిషిని గౌరవించకుండా ఉండలేకపోయాను. ఒకసారి అల్లం, వెల్లుల్లి, గసగసాలు నూరి నేను వండిన ఫెజెంట్ కూరను ఆయన రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. మగపక్షి పొడవాటి తోక ఈకలను మాత్రం ఎవరికీ ఇవ్వకుండా బీరువా అరలో దాచేవారు. వసంతంలో అవే నింఫ్‌లయ్యేవి.

ఆ ఈకల కట్టనే ఆయన కూతురు ఆ రోజు వెంట తెచ్చారు. గడ్డి మీద మడతబల్ల వేసి, చిన్న పట్టుకారులో గాలాన్ని బిగించి, రాగితీగను ముందు ఒంటిపొరగా చుట్టి, వీపు దగ్గర కాస్త ఉబ్బు చేశారు. తరువాత ఈక నుంచి నాలుగు పోచలు తెంపి, వాటి కొసలు తోకలా మిగిలేటట్టు కట్టి, మిగతా పోచలను తీగతో కలిపి పైకి చుట్టుకుంటూ వచ్చారు. చిటికెన వేలి గోరంత కూడా లేని ఆ ఎర్రగోధుమ రంగు పురుగును అరచేతిలో పెట్టి చూపిస్తూ, "నాన్న నాకు ముందు నేర్పింది ఇది, తరువాతే సైకిలు తొక్కడం" అన్నారు.

ఆయన రాసిన చేపలవేట డైరీలు చూసినప్పుడు నాకు ఆయన ఇంకా బాగా అర్థమయ్యారు. గాలి దిక్కు, నీటిమట్టం, పట్టి వదిలేసిన చేపలు అన్నీ పొందికగా ఉన్న పేజీల మధ్య, "పాపకు జ్వరం, వెళ్లలేదు" అనీ, "ఈ రోజు ఆవిడ పుట్టినరోజు, ఇంట్లోనే" అనీ ఉన్నాయి. మేఫ్లై పురుగులు రేగి చేపలు పిచ్చెత్తినట్టు పైకెగిరే రోజుల కోసం వేటగాళ్లు ఏడాదంతా ఎదురుచూస్తారు. మనవడు పుట్టిన ఏడాది ఆ రోజులన్నీ ఆసుపత్రికీ ఇంటికీ మధ్యే గడిపానని రాసుకున్న వాక్యంలో విచారం లేశమైనా లేదు. నది పిచ్చివాళ్ల ఇళ్లలో భార్యాపిల్లలు దాన్ని సవతిగా చూడడం నేను విన్నాను. ఈ ఇంట్లో అలా ఎందుకు జరగలేదో ఆ పేజీలు చదివితే తెలిసింది.

ఆయన పాత స్నేహితుడొకరు చేపల క్లబ్బులో సభ్యుడు కావడంతో మమ్మల్ని అతిథులుగా ఒడ్డుకు తీసుకెళ్లారు. తెల్లపూలు పూసిన నీటిమొక్కల పక్కన ఒక ట్రౌట్ నిలబడి ఉంది. మనవడు దిగువన మోకాళ్ల మీద కూర్చుని, తాతగారి గాలపు కర్రతో దారాన్ని రెండుసార్లు గాలిలో ఆడించి, నింఫ్‌ను చేపకు చాలా ఎగువన వదిలాడు. అది కొట్టుకొస్తూ దగ్గరయ్యేసరికి కర్ర కొసను మెల్లగా ఎత్తాడు. పురుగు పైకి లేస్తున్నదనుకుని చేప నోట పట్టింది. దాన్ని నీటిలోనే ఉంచి, తడిచేత్తో గాలం తీసి వదిలేశాడు. "తాతయ్య అయితే కాస్త ఆగి ఎత్తేవాడు" అని నాయనమ్మ అంటే, "ఆయన ఆగి ఎత్తి పోగొట్టుకున్నవి డైరీలో రాయలేదులే" అని అతను నవ్వాడు. ఆవిడా నవ్వారు.

తిరుగు ప్రయాణంలో మాటలన్నీ రాబోయే వేట గురించే. బీరువాలో మిగిలిన ఈకలు ఈ ఏటికి సరిపోతాయని, అక్టోబరులో లాబ్రడార్‌ను తానే పొలాలకు తీసుకెళతానని కూతురు చెప్పారు. కుక్కకు వయసు మీరిందని, సగం రోజుకు మించి తిప్పవద్దని వాళ్లమ్మ జాగ్రత్తలు చెబుతూనే ఉన్నారు.