ఒకే వాలు, రెండేళ్ల పులుపు

సెప్టెంబరు, ఆదివారం రాత్రి

పొద్దున్నే ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైలెక్కి మోజెల్ లోయకు వెళ్లి, ఇప్పుడే ఇల్లు చేరాను. బెర్న్‌కాస్టెల్ దగ్గర నదిని ఆనుకున్న కొండవాలులో ఒక పెద్దాయన ద్రాక్షతోట ఉంది. ఏటా కోతల్లో ఒక రోజు ఆయనకు సాయంగా వెళ్లడం నాకు అలవాటైంది. ఆ వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, ఒక చేత్తో తీగకు ఊతమిచ్చిన కర్రను పట్టుకుని మరో చేత్తో గుత్తి కోయాలి. కాళ్ల కింద మట్టి కంటే నల్లటి పలకరాయి ముక్కలే ఎక్కువ, మధ్యాహ్నానికి అవి అరచేయి ఆనించలేనంతగా కాలాయి. ఈ చలిదేశంలో రీస్లింగ్ ద్రాక్ష మాగుతోందంటే, పగటి వేడిని రాత్రికి దాచిపెట్టే ఆ రాళ్ల చలవ చాలా ఉంది.

భోజనాల వేళ ఆయన ఇదే వాలులో పండిన ద్రాక్షతో చేసిన రెండు వైన్ సీసాలు తెచ్చారు, ఒకటి 2018ది, మరొకటి 2021ది. 2018లో నెలల తరబడి ఎండలు కాచి కోత ముందుకు జరిగింది; 2021లో వేసవంతా ముసురు పట్టి, ఆకులకు బూజు తెగులు సోకి, కోత ఆలస్యమైంది. మొదటిది నోటికి మెత్తగా, మాగిన పండు వాసనతో ఉంది; రెండోది దవడలు జివ్వుమనేంత పుల్లగా ఉంది, నాకు అదే నచ్చింది. ద్రాక్షలో ప్రధానంగా రెండు పులుపులుంటాయి: మన చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం ఒకటి, పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లం మరొకటి. పండు మాగే వారాల్లో ఎండ గట్టిగా కాస్తే మాలిక్ ఆమ్లం త్వరగా కరిగిపోతుంది కానీ, చింతపండు పులుపు అంత తేలిగ్గా తరగదు. చల్లటి ఏడాదిలో రెండూ నిలిచి ఉంటాయి కనుకనే 2021 వైన్ నాలుకను అలా పట్టుకుంది.

2024 ఏప్రిల్ మంచు సంగతి ఆయనే ఎత్తారు. మోజెల్ ఉపనదులైన జార్, రూవర్ లోయల్లో ఆ చలికి లేత చిగుళ్లు నల్లబడి మాడిపోయాయి. అక్కడి బంధువుల తోట గురించి చెబుతూ చెబుతూ ఆయన మధ్యలో ఆగిపోయారు. పొగమంచుకు మామిడి పూత మాడిన ఏడాది మా నాన్నగారు కూడా ఇలాగే మాట మధ్యలో ఆపేసి తోట వైపు చూసేవారు.

సాయంత్రం ఆయన ఒక పండును, రసంలో తీపి ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటరు గాజు మీద చిదిమి, వెలుగుకు పట్టి నాకు చూపించారు. గీత 84 దగ్గర నిలిచింది, అంటే లీటరు రసం 1,084 గ్రాములు తూగుతుంది. ఇంకో వారం ఆగితే తీపి పెరుగుతుందని ఆయనకూ తెలుసు, కానీ బుధవారం నుంచి వాన ఉందట. మిగిలిన ఆరు వరుసలూ రేపే కోయిస్తున్నారు.